కార్తెల పట్టికతో ఒక విద్యా సంవత్సరం: ఇందుకూరుపేట మండలంలో బయటి పాఠాల కేస్ స్టడీ

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, బకింగ్‌హాం కాలువకు దగ్గరగా ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో, 2023 జూన్ నుంచి 2024 ఏప్రిల్ వరకు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో నేను నడిపిన బయటి పాఠాల వివరం ఇది. పాఠశాల పేరు, పిల్లల పేర్లు ఇవ్వడం లేదు. పర్యావరణ విద్య పేరుతో మన బడుల్లో జరిగే పనిలో ఎక్కువ భాగం ఎక్కడి ఋతువుకో రాసిన పాఠాన్ని ఇక్కడి పిల్లలకు అప్పగించడమే అని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈ నేల ఋతువును ఈ నేల మీదే చదివిస్తే పిల్లల ఆలోచనలో ఏం మారుతుందో చూడాలన్నది ఈ ప్రయత్నం ఉద్దేశం.

బడి నేపథ్యం

బడికి పడమట పెన్నా డెల్టా కయ్యలు, అంటే వరి మళ్ళు. తూర్పున రొయ్యల గుంటలు, కాలువ, సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు, వాటిని దాటితే సముద్రం. ఊటుకూరు దగ్గర పెన్నా కడలిలో కలిసే చోటు అంత దూరమేమీ కాదు. పిల్లల్లో కౌలు రైతుల బిడ్డలు, గుంటల మీద కూలికి వెళ్ళేవారి బిడ్డలు, పట్టపు కులపు మత్స్యకారుల బిడ్డలు, యానాది కుటుంబాల బిడ్డలు ఉన్నారు. అంటే ఒకే తరగతిలో పొలం తెలిసినవారు, అల తెలిసినవారు, గట్టు మీది బొరియ తెలిసినవారు పక్కపక్కనే కూర్చుంటారు. అయితే ఆ తెలిసిన సంగతుల్లో ఏదీ తరగతి గదిలో చదువుగా లెక్కకు రావడం లేదు.

మొదటి సమావేశంలో వర్షఋతువు ఎప్పుడని అడిగితే తరగతి మొత్తం ఒక్క గొంతుతో శ్రావణ భాద్రపదాలని చెప్పింది. మీ వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచేది ఎప్పుడని అడిగితే దీపావళి ముందూ వెనకా అని అంతే ధీమాగా చెప్పింది. ఆశ్వయుజ కార్తికాలు శరదృతువని వాళ్ళు నేర్చుకున్నారు, ఆ శరదృతువులోనే వాళ్ళ ఇళ్ళలోకి నీళ్ళు వస్తున్నాయి. ఈ రెండు జవాబులూ ఒకదానితో ఒకటి పొసగవన్న సంగతి ఎవరికీ తట్టలేదు. పిల్లల తెలివిలో లోపం లేదు. బడిలో చెప్పవలసిన జవాబు వేరు, ఊళ్ళో తెలిసిన నిజం వేరు అని వాళ్ళు ఎప్పుడో సర్దుకున్నారు, అంతే. నేను పని మొదలుపెట్టవలసిన చోటు అదేనని అప్పుడు స్పష్టమైంది.

కారణం భూగోళంలో ఉంది. జూన్‌లో మొదలయ్యే నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల మీద బరువు దించుకుని మన వైపు వచ్చేసరికి తేలికపడతాయి. అక్టోబరులో గాలి తిరిగి, ఈశాన్యం నుంచి బంగాళాఖాతం మీదుగా తేమను మోసుకొచ్చినప్పుడే నెల్లూరు తీరానికి అసలు వానాకాలం. జిల్లా ఏడాది వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల కురుస్తుంది. చెరువు నిండడం, నారు పోయడం, నాటు, కోత, చేప ఎదురెక్కడం, కొంగ గూడు కట్టడం, అన్నీ ఆ లెక్క ప్రకారమే సాగుతాయి.

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది, 2003లో పాఠ్యప్రణాళిక గురించి మరింత గట్టిగా ఆదేశించింది. జాతీయ హరిత దళం కింద పాఠశాలల్లో ఎకో క్లబ్బులు ఏర్పడి ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో గట్టిగా నాటుకుపోయిన అలవాటు మాత్రం ప్రపంచ పర్యావరణ దినోత్సవమైన జూన్ 5న మొక్కలు నాటడమే. ఆ తేదీ మనకు రోహిణి కార్తెలో వస్తుంది. రోళ్ళు పగిలే ఎండలో ఇసుక నేలలో మొక్క పెట్టి, అక్టోబరు వరకు బిందెలతో నీళ్ళు మోయమని పిల్లలకు చెప్పి, అది ఎండిపోయాక వారికి శ్రద్ధ లేదని నిందించడం ఎంతమాత్రం న్యాయం కాదు.

పట్టిక

నేను ఎంచుకున్న సాధనం గోడకు తగిలించిన ఒక పెద్ద గుడ్డ పట్టిక. అడ్డంగా కార్తెలు, నిలువుగా ఐదు గడులు: వాన, గాలి, కాలువలోనూ కయ్యల్లోనూ నీరు, మొక్క, ప్రాణి. ఆరో గడిలో ఎవరు చూశారు, ఎక్కడ చూశారు అన్నది రాయాలి. కళ్ళారా చూసిందైతే నల్ల సిరాతో, ఎవరో చెప్పగా విన్నదైతే ఎర్ర సిరాతో. విన్నదాన్ని తక్కువ చేయకూడదని, అయితే చూసినదానితో కలపకూడదని పిల్లలకు మొదటినుంచీ చెబుతూ వచ్చాను.

నెలలను వదిలి కార్తెలను తీసుకోవడం వెనక ఆలోచన ఉంది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజుల కాలం ఒక కార్తె. ఏడాదికి ఇరవై ఏడు. ఇది సౌరమానం కాబట్టి స్వాతి కార్తె ఏటా అక్టోబరు చివరి వారంలోనే వస్తుంది. చాంద్రమాన మాసాలు అలా నిలకడగా ఉండవు. 2023లో ఉగాది మార్చి 22న వస్తే 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2023లో అధిక శ్రావణం కూడా పడింది. వేపపూత ఉగాది కోసం ఆగదు. రెండు సంవత్సరాల పూతను పోల్చాలంటే కదలని కొలబద్ద కావాలి. ఇంగ్లీషు తేదీలు కూడా ఆ పని చేస్తాయి, కానీ కార్తె పేరు చెప్పగానే ఇంట్లో అవ్వా తాతా నోరు విప్పుతారు. పట్టిక ఇంటికి చేరడానికి అదే దారి అయింది.

వాన కొలవడానికి నిటారు గోడలున్న నీళ్ళ సీసాలు కోసి, స్కేలు అతికించి, బడి మైదానంలో చెట్ల నీడ పడని చోట పాతాం. వాతావరణ కేంద్రాల్లో లాగే ఉదయం 8:30కి కొలిచి, సీసా ఖాళీ చేయడం నియమం. ప్రార్థన గంటకు ముందే ఆ పని అయిపోతుంది కనుక పాఠాలకు అడ్డం రాలేదు.

భద్రత విషయంలో నేను రాజీ పడలేదు. బొరియలో చెయ్యి పెట్టకూడదు, గట్ల మీద ముందు కర్ర తట్టాలి, చెప్పులు కాదు బూట్లు వేసుకోవాలి, ఉరుము వినబడితే కయ్యల్లోంచి నేరుగా బడికే రావాలి, అలల్లో చీలమండ దాటి దిగకూడదు. రక్తపింజర తిరిగే కయ్యలివి. పెద్దల సంతకం ఉన్న అనుమతి పత్రం లేకుండా ఎవరినీ బయటికి తీసుకెళ్ళలేదు.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు

మృగశిర, ఆరుద్ర, పునర్వసు కార్తెల గడులు దాదాపు ఖాళీగా ఉన్నాయి. పిల్లలకు అది నచ్చలేదు. గడి ఖాళీగా ఉంటే పని చేయలేదనుకుంటారని వాళ్ళ భయం. వాన పడలేదని రాయడం కూడా నమోదేనని చాలాసార్లు చెప్పవలసి వచ్చింది. ఆరుద్ర పురుగు ఆ కార్తెలో మా గట్ల మీద కనబడలేదు, సెప్టెంబరులో ఒక గట్టి వాన పడ్డ మర్నాడు కనబడింది. ఎర్రటి మఖమలు లాంటి ఆ ప్రాణికి ఎనిమిది కాళ్ళున్నాయని లెక్కపెట్టి, పురుగు అన్న పేరు ఉన్నా ఇది సాలీడు, తేలు వర్గానికి చెందినదని ఒక పాప జీవశాస్త్ర పుస్తకంలోంచి తానే పట్టుకుంది.

చిత్త, స్వాతి, విశాఖ

ఈ భాగం కోసమే సంవత్సరమంతా సిద్ధమయ్యాం. ఆ ఏడు అక్టోబరు మొండికేసింది. చిత్త కార్తెలో వానలు రాలేదు, స్వాతిలో అంతంతమాత్రం. శ్రావణంలో వాన పడుతుందన్న పుస్తకం మాట తప్పయితే, అక్టోబరులో పడుతుందన్న మేడమ్ మాట కూడా తప్పే కదా అని ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు అడిగాడు. ఏడాది మొత్తంలో నేను విన్న మంచి ప్రశ్న అది. ఒక సంవత్సరం చూసి ఋతువును తేల్చలేమని, సగటు అంటే ఏమిటో, దానికి ఎన్నేళ్ళ లెక్క కావాలో గణితం ఉపాధ్యాయుని సాయంతో ఆ వారం చెప్పుకున్నాం. మండల కార్యాలయంలో ఉండే వర్షపాతం లెక్కలను పిల్లలే వెళ్ళి రాసుకుని వచ్చారు. పెద్దవాళ్ళ జ్ఞాపకాలను ఎర్ర సిరాతో పక్కన పెట్టారు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయిన సంగతి ప్రతి ఇంటి నుంచీ వచ్చింది.

నవంబరు సగం దాటాక మేఘం కరుణించింది. డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను తీరం వెంట నడిచి, 5వ తేదీన బాపట్ల సమీపంలో తీరం దాటింది. బడికి సెలవులు. అయినా నమోదు ఆగలేదు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె ముందు రోజే ఒక సీసాను ఇంటికి పట్టుకెళ్ళి, మిద్దె మీద ఇటుకల మధ్య నిలబెట్టి, నిండిన ప్రతిసారీ కొలిచి పారబోసి మళ్ళీ పెట్టింది. మిద్దె మీద గాలి ఎక్కువ కాబట్టి తన కొలత మైదానంలోని కొలత కంటే తగ్గి ఉండవచ్చని పక్కన తనే రాసుకుంది. కొలత ఎంత వచ్చిందన్న దానికంటే ఆ పక్క వాక్యం నాకు ఎక్కువ విలువైనదిగా కనిపించింది.

తుఫాను తగ్గిన తర్వాతే మొక్కలు నాటాం. వేప, కానుగ, దిబ్బల వైపు తాటి టెంకలు. నేల లోపలిదాకా తడిసి ఉండడం వల్ల వేరు దిగడానికి వ్యవధి దొరికింది, బిందెలతో నీళ్ళు మోయవలసిన అవసరం చాలావరకు తప్పింది.

నత్తగుల్లల కుప్ప

డిసెంబరులో నాట్లు పడ్డ కయ్యల్లోకి నత్తగుల్ల కొంగలు దిగాయి. ఈ కొంగ ముక్కు మూసినా నడుమ సందు ఉంటుంది. ఆ సందు ఎందుకని అడిగితే, నత్తను అందులో ఇరికించి పోక చెక్కలా పగలగొట్టడానికని పిల్లలంతా అన్నారు. చాలామంది పెద్దలూ అలాగే అనుకుంటారు. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు. ఒక తూము పక్కన గట్టు మీద ఉన్న ఖాళీ గుల్లల కుప్ప దగ్గరికి తీసుకెళ్ళి, ఏం కనబడుతుందో రాయమన్నాను.

పిల్లలు కుప్ప చుట్టూ కూర్చుని ఒక్కొక్క గుల్లనూ చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. గుల్లల అంచులు కొద్దిగా గీసుకుపోయి ఉన్నాయి గానీ, దాదాపు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి నడుమ గోధుమ రంగులో, బిళ్ళల్లా, పలచటి మూతలు పడి ఉన్నాయి. నత్త లోపలికి ముడుచుకున్నప్పుడు గుల్ల నోటిని మూసుకునే మూతలవి. ఒక అమ్మాయి ఒక మూతను తీసి గుల్ల నోటికి ఆనించి, సరిపోవడం చూసి, "గుల్ల పగల్లా మేడమ్, మూతొక్కటే ఊడింది" అంది. దాంతో తరగతి అనుకున్న జవాబు వీగిపోయింది. తర్వాత వరసగా కొన్ని ఉదయాలు తాటిచెట్ల చాటున నిలబడి దుర్భిణితో చూశారు. కొంగ నత్తను నీళ్ళలోనే నేలకు అదిమిపట్టి, కింది ముక్కు కొనను మూత కింద దూర్చి, కండను తెంచి, మెత్తటి శరీరాన్ని బయటికి లాగుతుంది. సందు లేని లేతముక్కు పిల్ల కొంగలు కూడా నత్తలు తినగలవని పక్షి శాస్త్రజ్ఞులు గమనించారు. కాబట్టి ఆ సందు పగలగొట్టడానికి కాదని తెలుస్తుంది. పట్టిక గడిలో పిల్లలు "ఎందుకో ఇంకా తేలలేదు" అని నల్ల సిరాతో రాశారు. ఆ మాటను దిద్దమని నేను అడగలేదు.

ఈ కొంగలు, గూడబాతులు గూళ్ళు పెట్టే నేలపట్టుకు ఒక ప్రయాణం చేశాం. 1976లో అభయారణ్యమైన నేలపట్టు, పులికాట్ ప్రాంతాలతో పాటు 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. పక్షికి జిల్లా హద్దు తెలియదు కాబట్టి మా కయ్యల్లో మేసే కొంగను అక్కడ నీళ్ళలో పెరిగే కడప అనే చెట్ల మీద చూడడం పిల్లలకు అవసరమనిపించింది. అయితే బస్సు ప్రయాణాల కంటే బడి వెనక గట్టుకు ఇచ్చిన సమయమే ఎక్కువ ఫలితమిచ్చిందని చెప్పాలి.

సంక్రాంతి, ఎలుక బొరియలు

సంక్రాంతి పంట ఇంటికి వచ్చే పండుగ అని పాఠాల్లో ఉంటుంది. మా డెల్టాలో సంక్రాంతికి కయ్యలు పచ్చగా ఉంటాయి. కోతలు ఫిబ్రవరి చివర మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. సోమశిల జలాశయంలో నీళ్ళుంటే ఆ తర్వాత ఎడగారు, అంటే రెండో పంట పైరు. ఇంట్లో పండక్కి వండిన బియ్యం ఏ పైరువో కనుక్కుని రమ్మంటే, సెలవుల తర్వాత పట్టికలో ఎర్ర సిరా నిండిపోయింది. 78 టీఎంసీల సోమశిల జలాశయం, పందొమ్మిదో శతాబ్దపు ఆనకట్టలు, వాటి స్థానంలో 2022లో ప్రారంభమైన సంగం, నెల్లూరు బ్యారేజీలు, చివరికి తమ ఊరి తూము, ఇదంతా సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయురాలు ఒక్క బియ్యపు గింజ నుంచి మొదలుపెట్టి చెప్పారు.

కోతల వేళ యానాది పిల్లలు కొందరు బడికి రారు. ఇంటిల్లిపాదీ ఎలుకలు పట్టడానికి కయ్యలకు వెళ్తారు. ఆ పనిని గైర్హాజరు ఖాతాలో వదిలేయకుండా పాఠంగా చేయాలని ప్రధానోపాధ్యాయునితో మాట్లాడాను. ఎనిమిదో తరగతి అబ్బాయి తండ్రి ఒకరు ఒక ఉదయం గట్టు మీద తరగతి చెప్పడానికి ఒప్పుకున్నారు. ఏ బొరియలో ఎలుక ఉందో, ఏది ఖాళీయో, కొత్త మన్ను రంగును బట్టి, నోటి దగ్గరి సాలెగూడును బట్టి, మూసిన ద్వారం తడిని బట్టి ఆయన చెప్పారు. "సాలీడు గూడు కట్టుకోనుంటే లోపలెవురూ లేరని గదమ్మా" అన్నారు. కుండలో గడ్డి రాజేసి పొగ పెట్టే ముందు మిగతా దారులన్నీ ఎక్కడ తేలతాయో కర్రతో గీత గీసి చూపించారు, అవి అక్కడే తేలాయి. బొరియ అడుగున ఎలుక దాచుకున్న వరి కంకులను తీసి ఒడిలో పోసుకున్నప్పుడు, ఆ గింజలు ఎవరివన్న చర్చ పిల్లల్లో చాలాసేపు నడిచింది. సాక్ష్యం నుంచి నిర్ణయానికి ఎలా రావాలో ఆయన చెప్పినంత తేటగా నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు గౌరవ వేతనం బడి నిధి నుంచే ఇచ్చాం. ఇలాంటి జ్ఞానాన్ని ఉచితంగా తీసుకునే అలవాటు మన సంస్థల్లో పోవాలి.

తీరం

జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి కాబట్టి అటవీ సిబ్బందికి ముందే చెప్పి, వారి సూచనల ప్రకారమే నడిచాం. రాత్రి నడకలు పెట్టుకోలేదు. తెల్లవారుజామున జాడలు చదవడమే పాఠం. తల్లులు వంతులవారీగా తోడు రావడంతో ఆడపిల్లలు కూడా రాగలిగారు. ఆ ఏర్పాటు లేకుంటే ఈ భాగం మగపిల్లలకే మిగిలేది.

తాబేలు ఎక్కిన జాడ, దిగిన జాడ రెండూ ఇసుక మీద ఉంటాయి. ఏది ఎక్కిందో తేల్చడానికి తెడ్డు కాళ్ళు ఇసుకను ఎటు నెట్టాయో చూడాలి. కుడి ఎడమల గుర్తులు ఎదురెదురుగా కాక ఒకదాని తర్వాత ఒకటిగా పడితే అది రిడ్లే నడక. గూడు దగ్గర కుక్కలు తవ్విన ఆనవాళ్ళు కూడా చదివారు. వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయి కొట్టుకొచ్చిన తాబేళ్ళనూ చూశారు. మత్స్యకారుల పిల్లలున్న తరగతిలో ఈ మాట జాగ్రత్తగా చెప్పాలి. ఏ వల, ఎంత దూరంలో, తాబేలు ఎంతసేపటికి ఊపిరికి పైకి రావాలి అన్న ప్రశ్నలుగా పెడితే, పిల్లలు తండ్రుల తరఫున వాదించడం మాని తండ్రులను అడగడం మొదలుపెట్టారు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట విరామం ఎందుకో కూడా ఆ మాటల్లోనే వచ్చింది.

గూడులోని ఇసుక వేడిని బట్టి పిల్లలు ఆడవో మగవో నిర్ణయమవుతుంది, వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ. మార్చిలో, గూళ్ళకు దూరంగా మూరెడు గొయ్యి తీసి, ప్రయోగశాల థర్మామీటరుతో పైనా, అడుగునా, ఆరు గంటలకు, మళ్ళీ తొమ్మిదికి కొలిచారు. పై ఇసుక వేడి చకచకా పెరిగింది, మూరెడు లోతున ఉన్నది దాదాపు కదలలేదు. తాబేలు అంత లోతున ఎందుకు తవ్వుతుందో ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

మార్చి 15 తర్వాత ఒంటిపూట బడులు, ఆపైన పరీక్షలు. బయటి పనిని పొద్దుటి గంటకే కుదించాం.

ఏం మారింది, ఏం మారలేదు

ఏప్రిల్‌లో మార్కుల పరీక్ష కాక ఒక సందర్భం ఇచ్చాను: మీ బడిలో జూన్‌లో మొక్కలు నాటమని ఉత్తరం వచ్చింది, జవాబు రాయండి. చాలామంది వాయిదా వేయమని కోరుతూ సీసా కొలతలను, మండల లెక్కలను, డిసెంబరులో నాటిన మొక్కల స్థితిని చూపించారు. కొందరు జూన్‌లోనే నాటాలంటూ, నీడ పందిరి, కాలువ నీళ్ళు ఉన్న చోటు సూచించారు. ఆ జవాబు కూడా సరైనదే. అయితే ఒక గుంపు పిల్లలు పుస్తకంలో ఉన్నదే రాసి ఊరుకున్నారు. వారిలో ఎక్కువమంది సరిగా బడికి రానివారు. బయటి పాఠం వారిని బడికి రప్పిస్తుందన్న ఆశ ఈ ఏడాదికి నెరవేరలేదు. కారణాలు కూలి పనుల్లోనూ వలసలోనూ ఉన్నాయి, పట్టికతో అవి తీరవు.

ఉపాధ్యాయుల తొలి అభ్యంతరం సిలబస్ గురించి. వర్షపాతం, సగటు, ఆవాసాలు, నీటిపారుదల, తెలుగులో వివరణాత్మక రచన, ఇవన్నీ వారి పాఠాల్లో ఉన్నవేనని నమోదు పుస్తకం పక్కన పాఠ్యపుస్తకం పెట్టి చూపించాక చాలావరకు సమాధానపడ్డారు. ప్రాజెక్టు పనికి ఈ నమోదులనే తీసుకున్నారు. నిజంగా కష్టమైనది కాలపట్టిక. వారానికి ఒకరోజు చివరి రెండు పీరియడ్లు కలిపి ఇవ్వడానికి ప్రధానోపాధ్యాయుడు పూనుకోకపోయి ఉంటే ఏదీ జరిగేది కాదు.

గుడ్డ పట్టిక బడిలోనే ఉంది, తర్వాతి తరగతి అదే కార్తెల వరసకు కింద కొత్త వరసలు కుట్టుకుంది. ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతంలో పనిచేసే ఒక ఉపాధ్యాయుడు మా పట్టిక అడిగినప్పుడు నింపిన నకలు పంపలేదు, కార్తెల పేర్లు మాత్రమే రాసిన ఖాళీ గడులు పంపాను. కాలువ నీటి గడిని కొట్టేసి, బోరు నీటి లోతు అని రాసుకున్నట్టు ఆయన తర్వాత ఫోనులో చెప్పారు.